చెప్పుల డబ్బా, పాత శుభలేఖలు, ఐదు భాషలు: నా ప్రాజెక్టు డైరీ

29 మార్చి 2020

16వ తారీఖు నుంచే బడి బంద్, 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్, మా తొమ్మిదో తరగతి పరీక్షలు జరిగేలా లేవు. ఆ సంతోషం రెండ్రోజులుంది. మూడో రోజు నుంచి తమ్ముడితో కొట్లాట, టీవీలో కేసుల లెక్క, మళ్లీ కొట్లాట.

జనవరిలో బావ ఓ జపనీస్ పుస్తకం ఇచ్చాడు, కంది ఐఐటీలో ఆయన రూమ్మేట్ వదిలేసిపోయిందట. పది పేజీలు చదివి పక్కన పడేశా. ఇంకోటేమో ఉర్దూ. మలక్‌పేటలో పుట్టి పెరిగా కాబట్టి మాట్లాడటం వచ్చు, అంటే మన హైదరాబాదీ వచ్చు, కానీ దుకాణం బోర్డు మీద ఆ అక్షరాలు నాకు ఇప్పటికీ బొమ్మలే. సరే, 21 రోజులు ఖాళీ కదా, రెండూ పట్టేద్దాం అని నిర్ణయం. బళ్లో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ ఎలాగూ ఉన్నాయి, మొత్తం ఐదు.

(21 రోజులు. ఇప్పుడు ఈ లైను చదువుకుంటే నవ్వొస్తుంది.)

5 ఏప్రిల్ 2020

బావ ఫోన్లో అంకీ అనే యాప్ గురించి చెప్పాడు, మర్చిపోబోయే టైముకి కార్డు మళ్లీ చూపిస్తుందట, అసలు ఆ పేరుకి జపనీస్‌లో కంఠస్థం చేయడం అనే అర్థమట. బాగుంది కానీ ఇంట్లో ఉన్నది ఒక్క స్మార్ట్‌ఫోను, అది నాన్నతో పాటు పొద్దున్నే గంజ్‌కి పోతుంది. నాన్న మలక్‌పేట గంజ్‌లో, అంటే హోల్‌సేల్ మార్కెట్లో, అడ్తి (కమిషన్) దుకాణంలో గుమాస్తా, ఉల్లిగడ్డ అత్యవసరం కింద లెక్క కాబట్టి పాస్ ఇచ్చారు. ఫోన్ లేకపోతే ఎలా అంటే, యాప్‌లు రాకముందే లైట్నర్ అనే జర్మన్ ఆయన 1970ల్లో అట్టపెట్టెతో ఇదే పని చేయించాడు, నువ్వూ చేసుకో అన్నాడు బావ.

పద్ధతి సింపుల్. డబ్బాలో ఐదు గదులు. కొత్త కార్డు ఒకటో గదిలో, దాన్ని రోజూ చూడాలి. జవాబు వస్తే రెండో గదికి, అది రెండ్రోజులకోసారి. మళ్లీ వస్తే మూడు, అది నాలుగు రోజులకి. నాలుగోది వారానికి, ఐదోది పదిహేను రోజులకి. ఎక్కడ తప్పినా సరే, నాలుగో గదిలో ఉన్నదైనా సరే, నేరుగా ఒకటికి వచ్చి పడాల్సిందే. వైకుంఠపాళిలో పాము మింగినట్టే.

స్టేషనరీ దుకాణాలు బంద్. అమ్మ బీరువా పైనుంచి పాత శుభలేఖల కట్ట దింపింది, ఏడెనిమిదేళ్లవి, దాచిపెట్టడం ఎందుకో ఆమెకే తెలియాలి. మందం అట్ట, వెనక ఖాళీ, ఒక్కోదాన్ని ఆరు ముక్కలు చేశా. కొన్నిటికి మూలలో పసుపు ఇంకా అంటుకునే ఉంది. పంచాంగం చూసి పెట్టిన ముహూర్తం సగానికి తెగింది చూసి నానమ్మ "అరిష్టమే" అని గొణిగింది, కాసేపయ్యాక తనే కత్తెర తీసుకుని కూర్చుంది. డబ్బా నాన్న చెప్పులది. మధ్యలో అడ్డలకి అగ్గిపెట్టెల కార్టన్ అట్ట, మైదాపిండి జిగురు. రాత్రి 9కి దీపాలు పెట్టమన్నారు కదా, ఆ తొమ్మిది నిమిషాలు ప్రమిద వెలుతురులో హిరగానా అనే జపనీస్ లిపి కార్డులు రాశా. 46 అక్షరాలు. కటకానా అనే రెండో లిపికి ఇంకో 46 అని తర్వాత తెలిసింది, ఎవరూ ముందు చెప్పరు.

26 ఏప్రిల్ 2020

మునిగిపోయా.

రోజుకి 20 కొత్త కార్డులు అనుకున్నా, పది జపనీస్, పది ఉర్దూ. మొదటి వారం హాయిగా సాగింది. ఇప్పుడు డబ్బాలో 400 దాటాయి, ఇవాళ చూడాల్సినవి 140, ఇందులో సగం తప్పిపోతాయి, తప్పినవన్నీ రేపు మళ్లీ ఒకటో గదిలో ఉంటాయి, వాటి మీద ఇంకో 20 కొత్తవి. బాకీ మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ. నాన్న చూసి "గిట్లయితే నీ దుకాణం దివాలా తీస్తదే" అన్నాడు, గుమాస్తా మాట కాబట్టి ఊరికే పోదు.

ఇవాళ్టి నుంచి కొత్త కార్డులు ఆపేశా. బాకీ తీరేదాకా ఆపుడే.

9 జూన్ 2020

నిన్న పదో తరగతి వాళ్ల మిగిలిన పరీక్షలు రద్దు చేశారు, మార్చిలో మూడు పేపర్లు రాశారు పాపం, అక్కడే ఆగిపోయింది. మా బ్యాచ్ ఏమవుతుందో అని అమ్మ ఇప్పటి నుంచే దిగులు.

అసలు సంగతి ఇది. డబ్బాలో పెద్ద తప్పొకటి దొరికింది, అది నేనే చేశా. జపనీస్ కార్డుల వెనక అర్థం ఇంగ్లిష్‌లో రాసుకుంటూ వచ్చా, ఎందుకంటే పుస్తకం ఇంగ్లిష్‌లో ఉంది, అంతే, ఇంకో కారణం లేదు. అంటే నేను జపనీస్‌ని ఇంగ్లిష్‌లోకి తిప్పి, దాన్ని మళ్లీ తెలుగులోకి తిప్పుకుని అర్థం చేసుకుంటున్నా. పక్కనున్న ఛాదర్‌ఘాట్ పోవడానికి వయా ఉప్పల్.

ఎలా తెలిసిందంటే నానమ్మ వల్ల. నాన్న గంజ్‌కి బయల్దేరుతూ "పోతున్న" అన్నాడు, నానమ్మకి కోపం, "పోతున్న అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలెరా, పోయొస్త అను" అంది. అప్పుడు నా చేతిలో ఉన్న కార్డు: ఇత్తెకిమస్. జపాన్‌లో ఇంట్లోంచి బయటికెళ్లేటప్పుడు చెప్పే మాట. ఇంగ్లిష్ అర్థం ఏదో పొడుగ్గా రాసుకున్నా, అందుకే పదిసార్లు తప్పింది. ఇత్తె అంటే వెళ్లి, కిమస్ అంటే వస్తా. వెళ్లొస్తా! ఇంట్లో ఉన్నవాళ్లు తిరిగి చెప్పేదానికి కూడా వెళ్లి రా అనే అర్థం. కార్డు మీద ఇంగ్లిష్ కొట్టేసి "పోయొస్త" అని రాశా, ఆ తర్వాత అది ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇంక ఆ రోజంతా పుస్తకం తిరగేస్తూ కూర్చున్నా. తబెతె మిరు: తబెతె తిని, మిరు చూడు, తిని చూడు. తెలుగులో తిని చూడు అంటే కళ్లతో చూడటం కాదు కదా, వాళ్లకీ అంతే. తబెతె షిమత్త అంటే తినేశా. కత్తె ఒకు అంటే కొని పెట్టు, ముందే కొని ఉంచడం. "అని" కూడా ఉంది, వాళ్లది "తొ", వస్తా తొ చెప్పాడు అన్నట్టు మాట చివర్లో తగిలిస్తారు. పిల్లి అంటే ఇష్టం అనడానికి ఇంగ్లిష్‌లో నేను చేసే పనిలా చెప్పాలి, వాళ్లు మాత్రం మనలాగే నా విషయంలో పిల్లి ఇష్టం అన్నట్టు చెప్తారు. గొహాన్ అంటే వండిన అన్నం, భోజనం అన్నా అదే మాట, మనం అన్నం తిన్నావా అని అడిగినట్టే. వాక్యంలో మాటల వరస దాదాపు మనదే, ఒక్కో ముక్క తీసి అక్కడే తెలుగు ముక్క పెట్టేయొచ్చు. రెండు భాషలకీ చుట్టరికం ఉందని నేనేం అనట్లేదు, అదంతా పెద్దోళ్ల గొడవ, నాకు కావాల్సింది కార్డు తప్పకపోవడం.

అన్నిచోట్లా కలవవు. "వ", "గ" అనే రెండు ముక్కలు ఎక్కడ ఏది పెట్టాలో తెలుగు సాయం చేయదు. ఇది అది అని మనకి రెండే, వాళ్లకి మూడు: నా దగ్గరిది, నీ దగ్గరిది, ఇద్దరికీ దూరంగా ఉన్నది. తమ్ముడు మధ్యలో వచ్చి కూర్చుంటే ఏది వాడాలో ఇప్పటికీ తేల్చుకోలేను.

260 కార్డుల వెనక మళ్లీ రాయాలి. వేలు నొప్పి.

19 జులై 2020

ఆన్‌లైన్ క్లాసులు మొదలు. నాన్న ఫోన్ ఇంట్లో వదిలి పాత బటన్ ఫోన్ పట్టుకెళ్తున్నాడు. నాకూ తమ్ముడికీ ఒకే టైముకి క్లాసులు, రోజుకి వచ్చే ఒకటిన్నర జీబీ మధ్యాహ్నానికే ఖతం. ఫిజిక్స్ సార్ బొమ్మ ఆగిపోతుంది, గొంతు మాత్రం వస్తుంది, "వినపడుతుందా, వినపడుతుందా", ఆ మాట మాత్రం చాలా స్పష్టంగా వినపడుతుంది. ఫీజు మెసేజులు కూడా టైముకి వస్తాయి.

డబ్బాకి డేటా అక్కర్లేదు, చార్జింగ్ అక్కర్లేదు. పొద్దున 6 నుంచి 6:40. బడి పాఠాలు కూడా ఎక్కించా, తెలుగు పద్యాల ప్రతిపదార్థాలు, హిందీ ఏకవచనాలు బహువచనాలు.

హిందీలో దెబ్బ తిన్నా. లోగ్ అని ఉండాల్సిన చోట "లోగాఁ" అని రాశా, మన హైదరాబాదీ బహువచనం. మిస్ ఎర్ర గీత గీసి ఫొటో పంపారు, పక్కన మూడు ప్రశ్నార్థకాలు. పక్కింటి ఖాలాకి చూపిస్తే కడుపు పట్టుకుని నవ్వింది.

30 ఆగస్టు 2020

ఖాలా గురించి రాయలేదు కదా. మా పక్క పోర్షన్. మా వరండాకీ వాళ్ల వరండాకీ మధ్య నాలుగడుగుల గోడ, ఆమె అటు నేను ఇటు, ఇద్దరికీ మాస్కులు. నేను పలక మీద రాసి పైకి పట్టుకుంటే ఆమె అటునుంచి తప్పులు చెప్తుంది.

ఉర్దూకి నేను వేరే లైన్ పట్టా. తెలుగులో ఆల్రెడీ ఉన్న మాటలే కార్డులుగా రాసుకుంటున్నా: తారీఖు, జవాబు, రసీదు, బాకీ, జమ, ఖర్చు, హాజరు, జిల్లా, కుర్చీ, సబ్బు. అర్థం గుర్తుపెట్టుకునే పని లేదు, రాత మీదే దృష్టి. నాన్న చెప్పే గంజ్ మాటల్లోనూ ఇలాంటివి బోలెడు, ఆయన ఉద్యోగం పేరుతో సహా.

అయితే ఇక్కడే తమాషా. మన "జ" ఒక్కటే, ఆ వెనక దాక్కున్న అక్షరాలు ఐదు. జవాబులో జీమ్. బజారులో జే. జిల్లాలో జ్వాద్. నిజాంలో జోయ్. కాగజ్ చివర జాల్. జీమ్ తప్ప మిగతా నాలుగూ నోట్లో ఒకేలా పలుకుతాయి, వేర్వేరుగా రాయడం అరబ్బీ నుంచి వచ్చినప్పటి గుర్తు, చెవితో పట్టుకోలేం, కంటితోనే. రాతలో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు, మాట ముందే తెలిసుంటేనే చదవగలం. నాకు మాటలు తెలుసు కాబట్టి బతికిపోయా.

ఖాఫ్ అనే అక్షరం ఇంకో కథ. పుస్తకంలో కలం అనే మాటకి గొంతు లోపలినుంచి వచ్చే ఓ క అంటారు, ఖాలా మాత్రం "ఖలమ్" అంటుంది, బాకీని "బాఖీ" అంటుంది. నేను పుస్తకం ప్రకారం ట్రై చేస్తే "అరే బేటీ, ఇత్తా తక్లీఫ్ నక్కో, ఖలమ్ బోలో బస్" అంది. కార్డు మీద రెండు పలుకుబళ్లూ రాసుకున్నా, బడిది ఒకటి, గోడ అవతలిది ఒకటి.

14 అక్టోబర్ 2020

డబ్బా మునిగింది.

నిన్న మధ్యాహ్నం మొదలైన వాన రాత్రంతా కొట్టింది, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు, మూసారాంబాగ్ బ్రిడ్జి మీదుగా మూసీ. మాది కింది పోర్షన్, రాత్రి పదకొండుకి నాలా నీళ్లు గుమ్మం దాటాయి. బియ్యం డ్రమ్ము, నానమ్మ ట్రంకు పెట్టె, టీవీ మంచం మీదికి ఎక్కించాం, డబ్బా మంచం కింద ఉందని ఎవరికి గుర్తుంటుంది. పొద్దున చూస్తే అట్ట ఊడి, కార్డులు బురదలో. మా కంటే ఎంతో ఘోరంగా పోయిన ఇళ్లు చూశాక కార్డుల కోసం ఏడవటానికి సిగ్గేసింది, అయినా ఏడ్చా.

18 అక్టోబర్ 2020

640లో చదవడానికి మిగిలినవి 212. ఒక విషయం తేలింది, ఎవరైనా ఇలాంటిది చేస్తే పనికొస్తుంది: జెల్ పెన్నుతో రాసినవి మొత్తం పోయాయి, నీలం మరక మాత్రమే. మామూలు రెండ్రూపాయల బాల్ పెన్నుతో రాసినవి బురద కడిగితే అలాగే ఉన్నాయి. డాబా మీద తీగకి బట్టల క్లిప్పులతో ఆరేశాం. ఒక వైపు ఎవరి పెళ్లో వధూవరుల పేర్లు, ఇంకో వైపు ఉర్దూ, గాలికి తిరుగుతూ.

పోయినవన్నీ మళ్లీ రాయట్లేదు. పుస్తకం చదువుతూ ఏ మాట దగ్గర ఆగిపోతానో దానికే కొత్త కార్డు. చాలావాటికి అవసరమే రాలేదు, అంటే ఇన్నాళ్లూ వాటిని ఊరికే మోశానన్నమాట.

కొత్త రూలు: రోజుకి 7 మించి కొత్తవి లేవు, ఒకటో గదిలో 30 దాటితే అసలే లేవు. డబ్బా ఇప్పుడు స్వీట్ల షాపు ప్లాస్టిక్ బాక్సు, మూత గట్టిది, బీరువా మీద ఉంటుంది.

20 ఫిబ్రవరి 2021

1వ తారీఖు నుంచి బడి తెరిచారు, తొమ్మిదీ పదీ వాళ్లకి. బెంచీకి ఒక్కరే. పరీక్ష ఈసారి పదకొండు పేపర్లు కాదు ఆరే అన్నారు, అయినా సిలబస్ పరుగులు. పొద్దున 40 నిమిషాలు కాస్తా 15 అయ్యాయి, ఒకటో గది కార్డులు రబ్బర్ బ్యాండేసి బస్సులో చూసుకుంటున్నా. కొత్తవి వారం నుంచి సున్నా. డబ్బా ఏమీ అనదు, ఆ గుణం నాకు నచ్చుతుంది.

కటకానాలో షి, త్సు రెండూ ఇంకా కలిసిపోతున్నాయి. చిన్న గీతలు రెండు, పెద్ద గీత ఒకటి, ఒకదాంట్లో పెద్ద గీత కిందినుంచి పైకి, ఇంకోదాంట్లో పైనుంచి కిందికి. ఇంతే తేడా. ఇలా ఎవరు చేశారో.

2 మే 2021

మార్చి 24 నుంచి బళ్లు మళ్లీ బంద్, ఏప్రిల్ 15న మా పరీక్షలు రద్దు. ఆ రోజు ఏం అనిపించిందో రాద్దామంటే ఇప్పుడు గుర్తు రావట్లేదు, ఎందుకంటే 26న నాన్నకి జ్వరం, ర్యాపిడ్‌లో పాజిటివ్.

ముందు గదిలో నాన్న, వెనక గదిలో మేం నలుగురం. తలుపు దగ్గర పళ్లెం పెట్టి దూరంగా జరగడం. పొద్దున సాయంత్రం ఆక్సిజన్ చూసి లోపల్నించి అరుస్తాడు, నేను ఖాళీ కార్డు మీద రాస్తున్నా. 96, 96, 95, 94, 94. 94 దగ్గర అమ్మ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. రాత్రంతా అంబులెన్సుల చప్పుడు మెయిన్ రోడ్డు మీద. 95, 95, 96.

నిన్న లోపల్నించి "ఏం తోస్తలేదే, నీ కార్డులు కొన్ని ఇటు తొయ్" అన్నాడు. తలుపు కింద సందులోంచి తోశా, ఉర్దూ మొదటివి. తిరిగి తీసుకోను, అవి మీకే అని చెప్పా.

16 మే 2021

నాన్న బయటికొచ్చాడు. మూడు కిలోలు తగ్గాడు, గడ్డం పెరిగింది. ఇప్పుడు మళ్లీ లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 దాకే సడలింపు, గంజ్‌కి ఇంకా పోవట్లేదు.

సంగతేంటంటే ఆయన చదివేస్తున్నాడు. నాకు నెలలు పట్టింది, ఆయనకి రెండు వారాలు. ముప్పై ఏళ్లు గంజ్‌లో రోజంతా మాట్లాడిన భాష, రెండు అక్షరాలు కూడబలుక్కోగానే మిగతా మాట నోట్లోంచి అదే దూకుతుంది. నాకేమో ప్రతి అక్షరం తెలుసు, మాట దగ్గర తడబాటు. కొంచెం కుళ్లు వచ్చింది, దాచుకోను.

30 మే 2021

21న ఫలితాలు, అందరూ పాస్, రెండు లక్షల మందికి పైగా 10 జీపీఏ, అందులో నేనొకదాన్ని. నానమ్మ "రాయని పరీక్షకి మార్కులేందే" అని అడిగింది, ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇవాళ ఆమె ట్రంకు పెట్టె తీసింది, వరదలో మంచమెక్కిన పెట్టె. అడుగున నాలుగు మడతల కాగితం, ఉర్దూలో, వాళ్ల మామగారిదట. నేను ముందు అచ్చు వేసిన అక్షరాలు చూశా, చదవగలిగా. అంకెల దగ్గర 2531 అన్నా. ఖాలా గోడ మీంచి "అంకెలు ఎడమ నుంచే బేటీ" అంది. రాత కుడినుంచి, అంకెలు మాత్రం ఎడమనుంచి, ఎన్నిసార్లు చదివినా మర్చిపోతా. 1352, ఫసలీ, అంటే నిజాం కాలంలో వాడిన సంవత్సరాల లెక్క. దానికి 590 కలిపితే 1942.

చేతిరాత మాత్రం ఘోరం, చుక్కలు లేవు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలిపోయి. ఖాలా కూడా చేతులెత్తేసింది. అప్పుడు నాన్న కాగితం తీసుకుని అక్షరాలు చూడలేదు, గళ్లు చూశాడు. పైన పేరు, తర్వాత బస్తాలు, తూకం, ధర, కింద నాలుగు చిన్న అంకెలు, ఆఖరికి మొత్తం. "ఇది తక్‌పట్టీ కదనే" అన్నాడు. రోజూ రైతులకి రాసిచ్చే కాగితమే, సరుకు అమ్మినందుకు. ఆ చిన్న అంకెలు కోతలు: హమాలీ (మోత కూలి), దలాలీ (కమిషన్), దడ్వాయి (తూకం కూలి). ఏ గడిలో ఏం ఉండాలో ఆయనకి తెలుసు, అది అక్కడ ఉందో లేదో నేను అక్షరాల్లో వెతికా. హే, మీమ్, అలిఫ్, లామ్, యే. ఉంది. హమాలీ. రెండు గంటలు కూర్చుని ఆరు మాటలు తేల్చాం, ఒక గడి ఇద్దరికీ అందలేదు. "అప్పుడు గూడ కోతలే" అని నాన్న నానమ్మకి చదివి వినిపించాడు, చేతిలో కాగితం పెట్టుకుని, కుడి నుంచి ఎడమకి వేలు జరుపుతూ.

1 ఆగస్టు 2021

సింధుకి కాంస్యం. మ్యాచ్ అయ్యాక టీవీలో టోక్యో వీధులు చూపిస్తుంటే బోర్డుల మీద కటకానా చదువుతూ కూర్చున్నా, తమ్ముడు రిమోట్ లాక్కున్నాడు.

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఏంటని కాలేజీ వాళ్లు అడిగారు, అడిగారు అంటే సంస్కృతం అని వాళ్లే రాసుకున్నారు, మార్కులొస్తాయట. అంటే ఆరోది. ఉర్దూ అన్నా. ఎగాదిగా చూశారు, మా దగ్గర సార్ లేరన్నారు. ఇంకా తేలలేదు.

డబ్బా లెక్క: మొత్తం 905. ఐదో గదిలో 611. నాన్నవి వేరే డబ్బా, ఆయన చెప్పులదే, గంజ్‌కి పోయేటప్పుడు జేబులో పది వేసుకుని "పోయొస్త" అని నానమ్మకి వినపడేలా అంటాడు. ఒకటో గదిలో నావి 19. అందులో షి, త్సు.